ముప్పై లెక్కపెట్టమన్నాను

కామారెడ్డి కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి ఏడాది, ఫిబ్రవరిలో, నాకు అదనపు డ్యూటీ వేస్తూ ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి గురువారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట వరకు ఎల్లారెడ్డి దారిలో ఉన్న ఒక ఊరి సబ్‌సెంటర్‌లో కూర్చుని నడుము, మెడ, భుజం నొప్పులున్న బీడీ కార్మికులను చూడాలని అందులో ఉంది. అప్పటికి నేను ప్రభుత్వ ఫిజియోథెరపిస్టుగా ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడివాళ్ల పేర్లు కూడా మార్చాను.

మా వృత్తి గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. ఫిజియోథెరపిస్టు మందు రాయడు, సూది వేయడు. డాక్టరు పంపిన మనిషిని కొలిచి, చేయవలసిన కదలికలు నేర్పించి, కొన్నాళ్లకు మళ్లీ కొలుస్తాడు. ఆస్పత్రి హోదాల్లో మా కుర్చీ డాక్టర్ల తర్వాత ఎక్కడో ఉంటుంది. సరిగ్గా ఎక్కడో నా సర్వీసు మొత్తంలో ఎవరూ తేల్చలేదు. మా చేతిలో ఉండే ముఖ్యమైన పనిముట్టు గోనియోమీటర్. బడిపిల్లల కోణమానికి రెండు పొడుగాటి చేతులు అతికించినట్టు ఉంటుంది. కీలు దగ్గర పెట్టి, కాలో చెయ్యో ఎన్ని డిగ్రీలు లేస్తుందో చూస్తాం. ఆ అంకె కార్డు మీద రాస్తాం. నొప్పి ఎంతుందని అడిగితే మనుషులు ఒక్కోరోజు ఒక్కోలా చెబుతారు కాబట్టి అంకెనే ఎక్కువ నమ్మేదాన్ని.

గురువారం పొద్దున కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సు ఎక్కి, తాడ్వాయి దాటాక కాసేపటికి దిగేదాన్ని. సబ్‌సెంటర్ అంటే రెండు గదులు. ఒకదాంట్లో టీకాల డబ్బాలు, ఇంకోదాంట్లో నేనూ నా చాపా. మొదటి గురువారమే ఇరవై మందికి పైగా వచ్చారు. సూదిమందు ఇస్తాననుకుని వచ్చినవాళ్లు సగం మంది. నేను ఇచ్చేది వ్యాయామమని తెలిశాక కొందరు మర్యాదగా లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు నాకు ‘గుంజుడు మేడం’ అని పేరు పెట్టారు. కాళ్లూ చేతులూ లాగి సాగదీయించేదాన్ని కాబట్టి ఆ పేరులో తప్పేమీ లేదు. నా అసలు పేరు ఆ ఊళ్లో ఎవరికీ తెలియకుండానే నా డ్యూటీ అయిపోయింది.

బీడీలు చేసే ఆడవాళ్లు నేల మీద కూర్చుంటారు. కాళ్లు చాపుకుని, లేదా ఒక మోకాలు మడిచి, ఒడిలో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు వేసి చుట్టి దారం కడతారు. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా అదే పని. వంగిన నడుము వంగినట్టే ఉంటుంది. తొడ వెనుక కండరాలు ఏళ్ల తరబడి ఒకే పొడవులో ఉండి బిగుసుకుపోతాయి. అవి బిగుసుకుంటే నిలబడ్డప్పుడూ వంగినప్పుడూ భారమంతా నడుము మీద పడుతుంది. కాబట్టి నడుము నొప్పి అని వచ్చినవాళ్లకు ముందు తొడ వెనుక భాగం సాగదీయడం నేర్పేదాన్ని. నొప్పి నడుములో ఉంటే కాలు లాగమంటుందేమిటి ఈమె అని వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

రాజవ్వ రెండో గురువారం వచ్చింది. నలభై మూడేళ్లు. సన్నటి మనిషి, తక్కువ మాట్లాడుతుంది. నొప్పి నడుములో మొదలై కుడికాలి వెంట పిక్కదాకా దిగుతోంది. భర్త గంగారాం గల్ఫ్‌లో ఉన్నాడు. అంతకుముందే ఆమె తమ్ముడు నగరంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లి స్కానింగ్ తీయించాడు. వెన్నుపూసల మధ్య మెత్త కొంచెం ఉబ్బిందని, ఆపరేషన్ చేయాలని అక్కడ చెప్పారు. గంగారాం రెండు నెలల సెలవు మీద మే నెలలో వస్తున్నాడు. దగ్గరుండి చూసుకునే మనిషి అప్పుడే ఉంటాడు కాబట్టి ఆపరేషన్ అప్పుడే చేయించాలని ఇంట్లో అనుకున్నారు. ఒక్క రాజవ్వ తప్ప.

ఆమె భయానికి కారణం ఉంది. “మా అక్కకు నడుం ఆపరేషన్ అయినంక కింద కూసునుడు బందైంది మేడం. కింద కూసోకుంటే నేను బీడీలెట్ల జేస్త?” అని అడిగింది. ఆపరేషన్ అయిన అందరికీ అలా జరగదని చెప్పాను. ఆమె తల ఊపింది గానీ నమ్మలేదు. తన కళ్లతో చూసింది ఒక్క అక్కనే కదా.

నేను నిర్ణయించే విషయం కాదు కాబట్టి ఆమెను జిల్లా కేంద్రంలో మా ఎముకల డాక్టరు దగ్గరకు పంపాను. ఆయన పరీక్షించి, కాలిలో బలం తగ్గలేదు, తిమ్మిరి లేదు, మూత్రం విషయంలో ఇబ్బంది లేదు, కాబట్టి తొందర లేదన్నారు. కార్డు మీద ‘ఆరు వారాలు ఫిజియోథెరపీ, తర్వాత మళ్లీ పరీక్ష’ అని రాశారు. ఆరు వారాల్లో మార్పు రాకపోతే ఆపరేషన్‌కు తానే పంపుతానన్నారు. అది న్యాయమైన మాట. గడువు గంగారాం వచ్చేలోపే ముగుస్తుంది.

మొదటిరోజు కొలత: వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడికాలు ఎత్తితే నలభై డిగ్రీలు. అక్కడే ఆపమంది. ఎడమకాలు యాభై ఐదు. పాత చీర పేలిక ఒకటి తెమ్మని, దాన్ని పాదానికి తగిలించి రెండు కొసలూ చేతులతో పట్టుకుని కాలు పైకి లాగడం నేర్పాను. ముందు ఇంట్లో అటూ ఇటూ కాసేపు నడిచి ఒళ్లు వెచ్చబడాలి. కుదుపుతూ లాగకూడదు. లాగినట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. అక్కడ పట్టుకుని ముప్పై లెక్కపెట్టి దించాలి. అలా నాలుగుసార్లు, రోజుకు మూడు పూటలు.

ముప్పై ఎందుకంటే, కండరాన్ని లాగగానే అది ముందు ఎదురు బిగుసుకుంటుంది. తనను తాను కాపాడుకునే గుణం దానిది. ఆ బిగువు సడలి నిజంగా సాగడానికి కొంత సమయం పడుతుంది. అర నిమిషం ఉంటే చాలు. సెకన్లు అంటే కొందరికి తెలియదని, నేను సర్వీసులో చేరినప్పటి నుంచీ ‘ముప్పై లెక్కపెట్టండి’ అనే చెబుతూ వచ్చాను. నా గురువులూ అలాగే చెప్పారు.

రెండో వారం నలభై. మూడో వారం నలభై. నాలుగో వారం నలభై రెండు, అది నా చేతి తేడా కూడా కావచ్చు. చేస్తున్నావా అని అడిగితే చేస్తున్నానంటుంది. మిగతా బీడీ ఆడవాళ్లదీ దాదాపు అదే కథ. కానీ అదే ఊళ్లో, అదే చాప మీద, అదే మాటల్లో నేర్చుకున్న ఇద్దరికి మాత్రం చక్కగా గుణం వచ్చింది. ఒకామె బట్టలు కుడుతుంది, ఇంకొకామె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇద్దరూ బీడీలు చేయరు. ఇది నా బుర్రలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఆలోచించడం మానేసి తేలికైన దారి పట్టాను. బీడీలు చేసేవాళ్లకు పని ఒత్తిడి, వ్యాయామానికి తీరిక ఉండదు, చేశామని అబద్ధం చెబుతున్నారు అని తీర్మానించుకున్నాను. రాజవ్వ కార్డు మీద ‘రోగి సహకరించడం లేదు. ఇంట్లో వ్యాయామం చేయడం లేదు’ అని రాసి సంతకం పెట్టాను. మా వృత్తిలో ఇది చాలా వాడుక మాట. రాయడానికి పావు నిమిషం కూడా పట్టదు.

ఆ మాట బరువు నాకు తెలియక కాదు. కార్డు డాక్టరు చేతికి వెళుతుంది. సహకరించని రోగి విషయంలో ఆయన ఆరు వారాలు ఎదురుచూడవలసిన పని లేదు.

ఐదో వారం రాజవ్వ రాలేదు. ఊరి ఆశా కార్యకర్త సుజాత కొంచెం బెరుకుగానే విషయం చెప్పింది. కార్డులో ఏముందో చదివి చెప్పమని రాజవ్వ అడిగిందట. ఈమె చదివిందట. “ఏమన్లేదు మేడం. కార్డు తీస్కొని పోయింది గంతే” అంది సుజాత. తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఒంటిగంటకు చాప చుట్టేసి, నన్ను రాజవ్వ ఇంటికి తీసుకెళ్లమన్నాను. పశ్చాత్తాపంతో వెళ్లానని చెబితే అబద్ధమవుతుంది. ఒకే పాఠం ఇద్దరికి పనిచేసి పదిమందికి ఎందుకు పనిచేయదో తెలుసుకోవాలన్న పట్టుదలే ఎక్కువ.

రాజవ్వ వాకిట్లో రేకుల నీడన చాట ముందేసుకుని కూర్చుని ఉంది. పక్కన పోశవ్వ అనే పొరుగామె కూడా బీడీలు చేస్తోంది. అరవై దాటినా ఆమె చేతి వేగం తగ్గలేదు. రాజవ్వ నన్ను చూసి లేచి, పీట వేసింది. నీళ్లిచ్చింది. ఆ తర్వాతే మాట్లాడింది. “చేస్తలేనని రాసిన్రట గదా మేడం. మూడు పూటలు చేస్తున్న. నా బిడ్డ మీద ఒట్టు. మీరే చూడుండ్రి” అని లోపలికి వెళ్లి, చీర పేలిక తెచ్చి, వాకిట్లోనే చాప పరిచి పడుకుంది.

పేలిక తగిలించిన తీరు సరిగ్గా ఉంది. మోకాలు చాపే ఉంది. కుదుపు లేదు. ఇంత బాగా నేర్చుకున్న మనిషికి గుణం ఎందుకు రాలేదా అని ఇంకా వింతగా ఉంది. అప్పుడు ఆమె లెక్క మొదలుపెట్టింది. నేను అనుకోకుండానే చేతి గడియారం వైపు చూశాను. ‘ఒకటిరెండుమూడునాలుగైదు’ అని ఒకే ముక్కగా అని, ఒక చిన్న ఆగుడు. మళ్లీ ఐదు. మళ్లీ ఐదు. ఐదో ఐదు కాగానే కాలు దించేసింది. గడియారంలో ఎనిమిది సెకన్లు గడిచాయి.

నేను ముప్పై అన్నాను కదా, ఇరవై ఐదుకే ఎందుకు దించావని అడిగాను. రాజవ్వ నన్ను వింతగా చూసింది. “ఇరవై అయిదు అయినంక కట్ట అయిపాయె గదా మేడం” అంది. బీడీలు కట్టలు కడతారు. కట్టకు ఇరవై ఐదు. ఐదేసి చొప్పున ఐదుసార్లు ఏరి దారం చుట్టి పక్కన పెడతారు. చిన్నప్పటి నుంచీ అదే లెక్క. ఆ అంకె దగ్గర చెయ్యి దానంతట అదే ఆగుతుంది, ఇప్పుడు కాలు కూడా ఆగుతోంది. మరి మిగిలిన ఐదు? “గవి ఇడిస్తనా? నాలుగు ముప్పైలంటే నూట ఇరవై. నాలుగు కట్టలు, మీద ఇరవై. అయిదోసారి కాలు గుంజి గా ఇరవై గూడ చేస్త” అని చెప్పింది.

ఆ లెక్కను మనసులో మళ్లీ వేసి చూశాను. ఆమె నేను చెప్పిన మొత్తంలో ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. రోజుకు మూడు పూటలు, పూటకు నూట ఇరవై, తూచినట్టు చేసింది. కానీ ఎనిమిది సెకన్లకోసారి కాలు దింపడంతో, కండరం ఎదురు బిగుసుకుని సడలబోయే లోపే వదిలేసినట్టయింది. అర నిమిషం ఆగమని చెప్పవలసిన చోట నేను ఒక అంకె చెప్పాను. దర్జీ ఆమె, వంటామె ఆ అంకెను నెమ్మదిగా లెక్కపెట్టారు కాబట్టి బాగుపడ్డారు. బీడీలు చేసేవాళ్లు తమకు అలవాటైన వేగంతో లెక్కపెట్టారు. వాళ్లను అబద్ధాలకోరులని కాగితం మీద రాశాను. నాకు సిగ్గేసింది. ఆ మాట రాజవ్వతోనే, పోశవ్వ వింటుండగానే అన్నాను. “తప్పు నాదే రాజవ్వ. నీది కాదు” అన్నాను. ఆమె సరేనన్నట్టు తల ఊపి, మరి ఇప్పుడెట్ల చేయాలని అడిగింది. మాట పట్టుకుని వేలాడే మనిషి కాదు.

నెమ్మదిగా లెక్కపెట్టమన్నాను. ప్రయత్నించింది. మొదటి పది నెమ్మదిగా వెళ్లాయి, తర్వాత నోరు పాత పరుగే అందుకుంది. గోడ గడియారం చూడమందామంటే వెల్లకిలా పడుకుంటే కనబడేది రేకులే. సెల్‌ఫోన్‌లో గంట పెట్టమంటే, గంగారాం ఫోన్ వచ్చే వేళ దాన్ని కదిలించడం ఆమెకు ఇష్టం లేదు. నాకు ఇంకేమీ తట్టలేదు. అప్పటిదాకా తల ఎత్తకుండా పని చేసుకుంటున్న పోశవ్వ అందుకుంది. “లెక్కెందుకే? నేను రెండు బీడీలు జేసేదాక కాలు పట్కో. నేను దించు అంటే దించు” అంది.

గడియారం పెట్టి చూశాను. ఆకులో తంబాకు పోసిన దగ్గర నుంచి రెండో బీడీకి దారం కట్టేదాకా ముప్పై నాలుగు సెకన్లు. మళ్లీ చూస్తే ముప్పై ఆరు. మళ్లీ ముప్పై నాలుగు. అరవై దాటిన అవ్వ చేతిలో ఇంత నిలకడ ఉందని ఊహించలేదు. పోశవ్వ నా గడియారం వైపు చూసి, అది తనతో సమానంగా నడుస్తుందా అని ఎగతాళి చేసింది. అప్పుడే ఒప్పందం కుదిరింది. ఒకరు కాలు లాగితే పక్కామె రెండు బీడీలు చేయాలి. ఆ తర్వాత ఆమె వంతు. పని ఆగదు, సమయం తప్పదు. ఇంకో మాట కూడా చెప్పాను, పది కట్టలకోసారి లేచి వాకిలి చుట్టూ నడవాలని. ఆ లెక్క మాత్రం కట్టల్లోనే చెప్పాను.

మరునాడు రాజవ్వ దగ్గర తీసుకున్న కార్డుతో డాక్టరు గారిని కలిశాను. జరిగింది వివరించి, ఇంకో ఆరు వారాలు ఇవ్వమని అడిగాను. ఆయన కార్డు తిప్పి చూసి, నేను రాసిందేమిటి, ఇప్పుడు చెబుతున్నదేమిటి అన్నారు. ప్రభుత్వ కాగితాల్లో రాసినదాన్ని చెరపకూడదు. ఒక గీత కొట్టి, తేదీ వేసి, పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. ఆయన ముందే అలా చేశాను. ‘రోగి చెప్పినట్టే చేసింది. సమయం సరిగా చెప్పలేదు’ అని రాశాను. ఆయన అది చదివి, ఇలాంటి దిద్దుబాటు ఇంతవరకు చూడలేదన్నారు. ఆరు వారాలు ఇచ్చారు. కాలిలో బలం తగ్గినా, తిమ్మిరి వచ్చినా అదే రోజు తీసుకురమ్మని హెచ్చరించారు.

ఈలోగా గంగారాం రానే వచ్చాడు. మొదటి గురువారమే సబ్‌సెంటర్‌కు వచ్చి నిలబడ్డాడు. మర్యాద తప్పలేదు గానీ కోపం దాచుకోలేదు. “నాకు రెండు నెలలే సెలవు మేడం. మీరు కాలు గుంజిచ్చుకుంట కూసుంటే నా సెలవు అయిపోతది. మళ్ల ఎవరు చూస్తరు?” అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఒకవేళ నేను మళ్లీ పొరబడి ఉంటే నష్టపోయేది వాళ్లే. పరీక్ష తేదీ అతని సెలవు ముగియడానికి చాలా ముందే ఉందని, ఆ రోజు డాక్టరు ఆపరేషన్ అంటే నేను ఒక్క మాట కూడా అడ్డు చెప్పనని అన్నాను. అతను భార్య వైపు చూశాడు. ఆమె చాప మీద పడుకుని కాలు లాగుతోంది. ఆ రోజు పక్కన పోశవ్వ లేదు కాబట్టి, రెండు బీడీల సమయం నేనే గడియారంతో చెప్పాను.

కొలతలు కదిలాయి. నలభై ఆరు, యాభై రెండు, యాభై ఏడు. పిక్కదాకా దిగే నొప్పి ముందు తొడలో ఆగింది, తర్వాత పిర్రకు చేరింది. నొప్పి కాలి నుంచి నడుము వైపు వెనక్కి తగ్గడం మంచి గుర్తు. పరీక్ష రోజు భార్యాభర్తలతో పాటు నేనూ డాక్టరు గదిలో ఉన్నాను. ఆయన నా కొలతలు చూడకుండా, తానే కాలు ఎత్తారు. అరవై ఎనిమిది. పాదాన్ని వెనక్కి వంచి చూశారు. మోకాటి మీద, మడమ మీద సుత్తితో తట్టారు. వేళ్ల మీద, మడమల మీద నడిపించారు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదని గంగారాంతో చెప్పారు. స్కానింగ్‌లో కనిపించిన ఉబ్బు అలాగే ఉండి ఉండవచ్చు, సాగదీత దాన్ని మాయం చేయదు, కానీ దాని మీది భారం తగ్గింది, మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది అని వివరించారు. గంగారాం చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. నాకు ఆనందంగానే ఉంది. అది దాచుకోవలసిన పని లేదు.

బయట వరండాలో, గంగారాం మందులు తేవడానికి వెళ్లినప్పుడు, రాజవ్వ నా పక్కన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను అభినందనల్లాంటివి ఏవో అన్నాను. ఆమె వినలేదు. ఏదో ఆలోచిస్తోంది. కాసేపటికి అడిగింది. “మేడం, మీరు గీ పని ఎన్నేండ్ల సంది చేస్తున్నరు?” ఇరవై రెండేళ్లని చెప్పాను. “గిన్నేండ్లల్ల నా లెక్క చేసినోళ్లు ఇంకెవ్వలు లేరా?”

నిందించడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంది. ‘రోగి సహకరించడం లేదు’ అని నేను రాసిన కార్డులు ఎన్నో ఉన్నాయి. రాళ్లు కొట్టేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, బస్సు నడిపేవాళ్లు. వాళ్లలో ఎవరు నిజంగా చేయలేదో, ఎవరు చేసి కూడా నా చేతిరాతలో దోషులయ్యారో చెప్పే దారి లేదు. ఆమెతో అదే చెప్పాను, ఉండే ఉంటారు, నేను చూడలేదు అని.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఒక పద్ధతి పాటించాను. సాగదీత నేర్పిన ప్రతి మనిషినీ, నేను చెప్పినది నా ముందు పూర్తిగా చేసి చూపమన్నాను. లెక్క పైకి వినబడేలా పెట్టమన్నాను, నా గడియారం చూసుకున్నాను. దీనికి ఒక్కొక్కరి దగ్గర నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. బయట వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతారు. ఈ అనుభవం నేర్పింది ఇంతే: గుణం రానప్పుడు మొదట అనుమానించవలసింది రోగిని కాదు, నేను చెప్పినది ఆమె దగ్గరకు ఏ రూపంలో చేరిందన్నదాన్ని. అది నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు తర్వాత తెలిసింది. అంతకుముందు వచ్చినవాళ్లకు దాని వల్ల ఉపయోగం లేదు.